ధ్రువాల తారుమారుకు ఓనరు

పోయిన నెల ఒక బుధవారం మధ్యాహ్నం మా పాత ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో వచ్చింది. చుట్టూ బంతిపూల దండ బొమ్మ, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. వాళ్ళమ్మాయి తండ్రి ఫోన్ నుంచే పంపింది. అంటే ఆయన పోయారన్న కబురు ఆయన నంబరు నుంచే మాకు చేరింది. గ్రూపులో ముప్పై నలుగురున్నాం. పందొమ్మిది మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఇద్దరు పాత ఫొటోలు వెతికి పెట్టారు. ఒకతను పొరపాటున బొటనవేలు పైకెత్తిన బొమ్మ నొక్కి, నాలుగు నిమిషాల తర్వాత తీసేశాడు.

ఆయన జీవిత చరిత్ర రాయడానికి నా దగ్గర సరుకు లేదు. తెలిసినవి నాలుగు ముక్కలు. నేను చూసేనాటికి యాభై నాలుగేళ్ళు. సొంతూరు గోపన్‌పల్లి, అది ఊరుగా ఉన్నప్పుడు అక్కడ పుట్టి, అపార్టుమెంట్లు లేచాక కూడా వాటి మధ్య అదే పాత ఇంట్లో ఉన్నారు. తండ్రి సర్వే శాఖలో పొలాలు కొలిచే గొలుసు లాగేవారు. ఈయన మాత్రం హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం ఏడో అంతస్తులో, ఉత్తర యూరపు చేపల కంపెనీకి మేం రాసే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టేవారు. ఏ శీతల గోదాములో ఎన్ని పెట్టెల చేపలున్నాయో చూపించే సాఫ్ట్‌వేర్ అది. జట్టులో పన్నెండు మందిమి. అందరికన్నా పెద్ద ఆయన, అందరికన్నా చిన్న నేను.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. ఆ ఉద్యోగానికి ముందు పద్నాలుగు నెలలు కొండాపూర్ హాస్టల్లో కూర్చున్నాను. ముప్పై ఒక్క ఇంటర్వ్యూలు తప్పాను. ఏ కంపెనీ, ఏ తేదీ, ఎన్నో రౌండులో తప్పానో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ముప్పై రెండోది ఇది. కాబట్టి ఏడో అంతస్తులో కిటికీకి దూరంగా ఉన్న ఆ కుర్చీ నాకెంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. నేను రాయబోయేదంతా ఆయన గురించే అయినా, నడుమ ఆ కుర్చీ ఉంది.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. మూడు నెలలకొకసారి జట్టులో ప్రతి ఒక్కరూ ప్రాజెక్టుకు రాగల ఒక ముప్పును కనిపెట్టి రిస్క్ రిజిస్టర్ అనే పట్టికలో రాయాలి. రాయకపోతే పైనుంచి మెయిల్ వస్తుంది. అందుకని అందరూ పోయినసారి రాసినదాన్నే కాపీ చేసి పెడతారు. ‘ముఖ్యమైన ఉద్యోగి రాజీనామా చేయవచ్చు.’ ‘ఇంటర్నెట్ ఆగిపోవచ్చు.’ నా కుర్చీలో నాకు ముందు కూర్చున్నతను రాసిన ‘వర్షాల వల్ల ఆఫీసుకు చేరడం కష్టం కావచ్చు’ నాకు వారసత్వంగా వచ్చింది. నడి వేసవిలో కూడా దాన్నే పెట్టాను.

నేను చేరిన రెండో నెలలో ఆయన కొత్తది రాశారు. నంబరు నలభై ఒకటి. ముప్పు: భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారు కావడం. జరిగే అవకాశం: నూరు శాతం. ఎప్పుడు: తెలియదు. ప్రభావం: చాలా ఎక్కువ. వివరణ: తారుమారయ్యే కాలంలో భూమి అయస్కాంత క్షేత్రం బలహీనపడుతుంది, అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలను ఆపే కవచం పలచబడుతుంది, ఉపగ్రహాలు చెడిపోతాయి, చేపల లెక్క ఆగిపోతుంది. ఓనరు అన్న గడిలో తన పేరు.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. పట్టిక అవకాశాన్ని ప్రభావంతో గుణించి, ఫలితాన్ని బట్టి రంగు వేస్తుంది. నలభై ఒకటో నంబరు ఎర్రబడి, మిగతా నలభై ముప్పులనూ దాటుకుని పైకి వెళ్ళి కూర్చుంది. ఎర్రబడినదాన్ని సిస్టమ్ దానంతటదే చేపల కంపెనీకి మెయిల్ చేస్తుంది. అక్కడ వాళ్ళ ఆడిటర్ ఒకావిడ ఉండేది. లోకంలో రిస్క్ రిజిస్టర్ నిజంగా చదివే మనిషి బహుశా ఆవిడొక్కతే. మర్నాడే జవాబిచ్చింది. ఇంత ముఖ్యమైన విషయం తమకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదని, గుర్తించినందుకు సంతోషమని, ఇకనుంచి వారం వారం పరిస్థితి తెలియజేయాలని.

మా మేనేజర్ విజయవాడ ఆవిడ. కోపంలో కూడా ‘అండీ’ వదలరు. ఆయన్ని అద్దాల గదిలోకి పిలిచారు. ఏ మీటింగులోనైనా ఏం మాట్లాడుకున్నారో రాయడం చిన్నవాడి పని కాబట్టి నేనూ వెళ్ళి కూర్చున్నాను.

“దాన్ని తీసేయండి. దయచేసి ఈ రోజే తీసేయండి,” అన్నారావిడ.

“తీస్త మేడం. నాదేం పోయింది? కాకపోతే మూయాల్నంటే కారణం పెట్టాలె. మూడే ఉన్నయి గందుల.” ఆయన లాప్‌టాప్ అటు తిప్పారు. “ఒకటి, ముప్పు జరిగిపోయింది. రెండు, జరగదని రుజువైంది. మూడు, ప్రాజెక్టు ముగిసింది. ఏది పెట్టాల్నో చెప్పుండ్రి, పెడ్త.”

ఆవిడ మూడూ చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు.

“రెండోది పెట్టండి.”

“రుజువు అప్‌లోడ్ చెయ్యుమంటది.”

“లక్షల ఏళ్ళకొకసారి జరిగేదండీ అది.”

“అవు మేడం. ఆఖరుసారి ఏడు లక్షల ఎనభై వేల ఏండ్ల కిందట అయింది. అంతకుముందు వందలసార్లు అయింది. ఇగ జరగదని నేనెట్ల రాయాలె? ఆడిట్ల అడిగితే మీరు చెప్తరా?”

“పోనీ మూడోది?”

“ప్రాజెక్టు మూయిస్తరా?”

నేను ‘చర్చ కొనసాగుతుంది’ అని రాశాను. తర్వాత మరో నిబంధన బయటపడింది. ఎర్ర ముప్పుకు ఓనరైన మనిషిని, ఆ ముప్పు ఇంకొకరికి బదిలీ అయితే తప్ప, ప్రాజెక్టు నుంచి కదపడానికి సిస్టమ్ ఒప్పుకోదు. అప్పటినుంచి ఆయన తెలివిగా కుర్చీకి మేకు కొట్టుకున్నారని అందరూ అనుకున్నారు. నేనొకసారి ఆయన్నే అడిగాను.

“కుర్చీ కోసమైతే ఇంటర్నెట్ బందైతదని రాస్తుంటి తమ్మీ,” అన్నారు. “గదైతే రోజూ అయితనే ఉంటది.”

వారం వారం పరిస్థితి చెప్పాలంటే వారం వారం చూడాలి. ఆయన దగ్గర తండ్రి నాటి ఇత్తడి దిక్సూచి ఉంది. ఏడో అంతస్తులో అది పనికిరాలేదు. స్తంభాల్లో ఇనుము, గోడవతల లిఫ్టు మోటారు. అక్కడ ముల్లు ఎప్పుడూ పాంట్రీలోని ఫ్రిజ్ వైపు చూసేది. మా జట్టు కూడా ఎక్కువసేపు అటే చూసేది కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. గేటు బయట టీ బండి పక్కన, ఫుట్‌పాత్ చివరి బండ మీద సుద్దముక్కతో గుర్తు గీసి, సోమవారం పదిన్నరకు అక్కడినుంచి చూడాలని నిర్ణయించారు. సాయానికి నన్ను పిలిచారు.

చూసే ముందు ఒంటి మీది ఇనుమంతా తీసేవారు. వాచీ, తాళంచెవులు, ఫోన్, మెడలోని ఐడీ కార్డు, కళ్ళజోడు, చివరికి బెల్టు. అన్నీ నా చేతుల్లో పెట్టి, “పదడుగులు అవతలికి పో తమ్మీ,” అనేవారు. ఒక చేత్తో జారిపోతున్న ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో దిక్సూచిని కంటి దగ్గరికి ఎత్తి, దూరంగా ఉన్న ఒక గుర్తుకేసి చూసేవారు. కదలని గుర్తు ముల్లుకు ఎన్ని డిగ్రీల పక్కకు ఉందో కొలిస్తే, వచ్చే వారం ఆ అంకె మారిందంటే ఉత్తరం మారినట్టు. మూడుసార్లు కొలిచి, మూడూ నాతో రాయించి, సగటు తీయించేవారు. ఆ కాసేపూ వేలమంది ఉద్యోగులు మా పక్కనుంచి ఆఫీసులకు నడిచిపోయేవారు. నడివయసు మనిషి బెల్టు, కళ్ళజోడు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ఏదో గొడవ జరుగుతోందనుకుని కొందరు ఆగేవారు.

మొదటి సోమవారం మా గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన వచ్చారు. “వాస్తు సూస్తుండ్రా సార్?”

“లేదే. భూమి సూస్తున్న.”

“ఏ సర్వే నంబరు సార్?”

“మొత్తం.”

ఆయన సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయారు. పైకెళ్ళాక చేపల కంపెనీకి రెండు వాక్యాల మెయిల్ పోయేది: ఉత్తరం ఉత్తరంలోనే ఉంది. వచ్చే సోమవారం మళ్ళీ చూస్తాం.

రెండు నెలల్లో ఆ బండ దగ్గర ఒక చిన్న సభ తయారైంది. పక్క కంపెనీలవాళ్ళు టీ గ్లాసులతో వచ్చి నిలబడేవారు. వాళ్ళలో పుప్పాలగూడలో ఇరవై రెండో అంతస్తులో ఫ్లాట్ కొన్న భార్యాభర్తలు నాకు బాగా గుర్తు.

“అన్నా, మాది ఈస్ట్ ఫేసింగ్,” అన్నాడతను. “ధ్రువాలు తిరిగితే వెస్ట్ అయితదా?”

“సూర్యుడు గాడ్నే పొడుస్తడు. ముల్లే అటు తిరుగుతది.”

“వాస్తాయన ముల్లు వెట్టే సూసిండు గదా.”

“గట్లయితే వెస్టే.”

అతను టీ తాగడం ఆపేశాడు. “తిరగనీకె ఎన్ని రోజులు పడ్తది?”

“వెయ్యేండ్లు, పదివేలేండ్లు. దానికేం తొందర లేదు.”

“అయితే ఏం ఫికర్ లేదు,” అంది భార్య. “అప్పటికి గూడ మన బిల్డరు ఫ్లాట్ హ్యాండోవర్ ఇయ్యడు.”

ఆఫీసులో మనుషుల్ని ఆయన గ్రహాలుగా విడగొట్టారు. శుక్రుడి రకంవాళ్ళకు సొంత అయస్కాంతం ఉండదు, వాళ్ళతో ఇబ్బందీ ఉండదు. చేపల కంపెనీ బృహస్పతి: చాలా పెద్దది, పైగా అక్కడ ముల్లు మనకు ఎదురు చూపిస్తుంది, మనం ఉత్తరమన్నది వాళ్ళకు దక్షిణం. హెచ్ఆర్ వాళ్ళు యురేనస్: ఆ గ్రహం తిరిగే ఇరుసు ఒకటి, అయస్కాంతం ఇరుసు ఇంకొకటి, రెండింటికీ పొత్తు లేదు. పని లేకుండా బెంచి మీద కూర్చోబెట్టినవాళ్ళు అంగారకుడు: ఒకప్పుడు లోపల మంచి వేడి ఉండేది, అది పోయింది, ఆ సంగతి పాత రాళ్ళలో మాత్రం అక్కడక్కడా మిగిలింది.

“మరి పైవాళ్ళు?” అని అడిగాను, పాంట్రీలో.

“సూర్యుడు. పదకొండేండ్లకొకసారి ఉత్తరం దక్షిణం మారుస్తడు. ఆయనకది మామూలే. మనకు సర్క్యులర్ వస్తది.”

“నేనేంటన్నా?”

ఆయన నన్ను కాసేపు చూశారు. “నువ్వింక సల్లారలే. సల్లారినంక చెప్త.”

భూమి తిరగబడే కాలంలో ఒకే ఉత్తరం ఉండదని, నాలుగైదు చిన్న చిన్న ఉత్తరాలు పుడతాయని కూడా ఆయనే చెప్పారు. “ముల్లు పాపం ఎటు తిరగాల్నో తెల్వక పరేషాన్ అయితది,” అని, ఎవరు ఎవరి కింద పనిచేస్తారో చూపే గోడమీది పట్టిక చూపించారు. అందులో నా పేరు నుంచి నలుగురు మేనేజర్లకు నాలుగు గీతలు పోతున్నాయి.

ఇక క్రేన్ సంగతి. గుర్తుగా మొదట మేం దూరంగా గుట్ట మీదున్న ఒక పెద్ద రాతిని పెట్టుకున్నాం. కోట్ల ఏళ్ళుగా కదలని రాయి. మూడో నెలలో ఎవరో పునాదుల కోసం దాన్ని పేల్చేశారు. రెండో గుర్తుగా పెట్టుకున్న నీళ్ళ ట్యాంకుకు అడ్డంగా ఆరు వారాల్లో ఒక భవనం లేచింది. ధ్రువాలు నిలకడగా ఉన్నాయి, కుదురు లేనిది మా ఏరియాకే. అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను. ఎదురుగా కడుతున్న అపార్టుమెంటు దగ్గర పసుపుపచ్చని క్రేన్ ఉంది. నేను వచ్చిన దగ్గరినుంచి ఒకేచోట ఉంది.

“కదలదా?” అని అడిగారాయన.

“ఆ అపార్టుమెంటు ఇప్పట్లో పూర్తి కాదన్నా. నాది గ్యారంటీ,” అన్నాను.

క్రేన్‌ను గుర్తుగా పెట్టుకున్న ఐదో సోమవారం ముల్లుకూ క్రేన్‌కూ మధ్య కోణంలో పదకొండు డిగ్రీల తేడా వచ్చింది. ఆయన మూడుసార్లు చూశారు. ఆ తర్వాత ఇంకో ఆరుసార్లు చూశారు. ప్యాంటు పట్టుకున్న చేయి వదిలేసి రెండు చేతులతో చూశారు.

“రాయి,” అన్నారు.

“మధ్యాహ్నం ఇంకోసారి చూద్దామన్నా.”

“తొమ్మిదిసార్లు సూసిన. ఉన్నది రాయి.”

ఉన్నదే రాసి పంపారు: ఉత్తరం పదకొండు డిగ్రీలు జరిగింది. గంటన్నరలో అత్యవసర కాల్. అటునుంచి ఏడుగురు, ఇటునుంచి నలుగురు. చేపలను ముందుజాగ్రత్తగా వేరే గోదాములకు తరలించాలా అని వాళ్ళు నిజంగానే అడిగారు. ఎంత దక్షిణానికి తరలించాలో ఎవరికీ తెలియక, తీరా దక్షిణం ఎటన్నదే ఇప్పుడు సమస్య కాబట్టి, ఆ అంశాన్ని వాయిదా వేశారు. నేను మధ్యలో లేచి, రోడ్డు దాటి, అపార్టుమెంటు సైటుకు పోయి కనుక్కున్నాను. పాత క్రేన్‌ను గురువారమే విప్పి తీసుకుపోయారట. కొత్తదాన్ని రెండో టవరు పక్కన నిలబెట్టారట. అదీ పసుపుపచ్చదే.

తప్పు జరిగితే మా దగ్గర ఒక ఫారం నింపాలి. ఎందుకు అన్న ప్రశ్న ఐదుసార్లు వేసుకుంటూ మూలానికి పోవాలి. ఫారం ఆయనే నింపారు. ఉత్తరం ఎందుకు మారింది? మారలేదు. మారినట్టు ఎందుకు కనిపించింది? క్రేన్ మారింది. క్రేన్‌ను ఎందుకు నమ్మారు? కదలదని హామీ వచ్చింది. ఎవరి నుంచి? ఆ గడిలో నా పేరు.

“జట్టు అని రాయొచ్చు కదన్నా,” అన్నాను.

“జట్టు చెప్పలే. నువ్వు చెప్పినవ్.”

“మీరూ ఒప్పుకున్నారు కదా.”

“అవు. కింది గడి సూడు.” కింద, ‘తనిఖీ లేకుండా ఒప్పుకున్నది’ అన్నచోట ఆయన పేరుంది.

ఆ ఆరు నెలల రేటింగుల్లో పన్నెండు మందిలో నాది ఆఖరు. ఫారంలో పేరున్నందుకే అని మేనేజర్ మర్యాదగా చెప్పారు. ఆయన పేరూ ఉంది గానీ ఆయన్ని కదిపే వీలు లేదు కదా. తర్వాత మూడు సోమవారాలు నేను ఆయన బెల్టు పట్టుకుని పదడుగుల దూరంలో నిలబడ్డాను తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన అంకె చెప్పేవారు, నేను రాసేవాణ్ణి.

నాలుగో వారం శనివారం పొద్దున ఆయన స్కూటరు మా హాస్టల్ ముందు ఆగింది. “ఎక్కు,” అన్నారు. ఎక్కడికో చెప్పలేదు. చేవెళ్ళ దాటి వికారాబాద్ వైపు పోతూంటే ఒకచోట నేల రంగు మారింది. అప్పటిదాకా ఉన్న బూడిదరంగు బండలు పోయి నల్లరాయి మొదలైంది. స్కూటరు రోడ్డు పక్కన పెట్టి, పొలం గట్టున బయటికి పొడుచుకొచ్చిన నల్లరాయి మీద అరచెయ్యి ఆనించారు.

“ఇది ఆరున్నర కోట్ల ఏండ్ల కిందట లావా తమ్మీ. సల్లారి గడ్డకట్టేటప్పుడు లోపలి ఇనుము రవ్వలు అప్పటి ఉత్తరం ఎటుంటే అటు తిరిగి ఆగిపోయినయి. అప్పుడు ధ్రువాలు తారుమారై ఉన్నయి. ముల్లు ఉంటే అటు సూపెడుతుండె.” ఆయన దక్షిణం చూపించారు. “తర్వాత ఎన్నోసార్లు తిరగబడ్డది. ఇది మాత్రం దిద్దుకోలే. ఆ రోజు ఏది ఉండెనో అదే పట్టుకోనున్నది.”

ఫారం గురించి ఆయన చెప్పగలిగింది అంతేనని అర్థమైంది. క్షమాపణ మాత్రం కాదు. మేకలు తోలుకుపోతున్న ఒకాయన మా దగ్గర ఆగారు.

“ఏమన్న పోయిందా సారూ?”

“లేదే. ఉత్తరం సూస్తున్నం.”

ఆయన చేతికర్రతో ఉత్తరం చూపించారు. “ఈడ్నే ఉన్నది గదా. యాడికి పోతది?” అని మేకల వెనకాల వెళ్ళిపోయారు. మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తిరుగు దారిలో చేవెళ్ళలో ఇడ్లీ తిన్నాం. సోమవారం నుంచి మళ్ళీ మాట్లాడుకున్నాం.

మరో రెండు నెలలకు చేపల కంపెనీ పన్నెండు మందిని పది మంది చేయమంది. ఒకతనికి అప్పటికే వేరే ఉద్యోగం దొరికింది. ఆ కుర్చీ సంతోషంగానే ఖాళీ అయింది. రెండోది నాది. మంగళవారం మేనేజర్ అద్దాల గదిలోకి పిలిచి చెప్పారు. శుక్రవారం దాకా ప్రాజెక్టులో ఉంటాను, సోమవారం నుంచి బెంచి, నలభై ఐదు రోజుల్లో వేరే ప్రాజెక్టు దొరకకపోతే రాజీనామా.

“నిజానికి మీరు కాదండీ,” అన్నారావిడ, తల వంచుకుని. “ఆయన్ని తీద్దామనుకున్నాం. కానీ రెడ్ రిస్క్ ఉంది కదా. సిస్టమ్ ఒప్పుకోవట్లేదు.”

ఆ మాట నేను ఆయనకు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది, ఏడో అంతస్తులో గోడలు అద్దాలవి. హాస్టల్‌కు పోయి పాత నోటుపుస్తకం తీసి, ముప్పై మూడు అని అంకె వేసి, పక్కన ఖాళీ వదిలాను.

గురువారం నాకు సిస్టమ్ నుంచి మెయిల్ వచ్చింది. రిస్క్ నంబరు నలభై ఒకటి మీకు బదిలీ చేయబడుతోంది, స్వీకరిస్తారా లేదా? ఓనరు కాదలచినవారు కనీసం పన్నెండు పరిశీలనల్లో పాల్గొని ఉండాలని నిబంధన. జత చేసిన పట్టికలో అన్ని సోమవారాలూ ఉన్నాయి. మొదటి వారం నుంచీ ప్రతి వరసలో ‘పరిశీలకుడు’ అన్న గడిలో నా పేరుంది. మాట్లాడని మూడు వారాల్లోనూ ఉంది. నేను అక్కడ నిలబడ్డాను కాబట్టి రాశారు.

ఇది జరిగి రెండేళ్ళయింది. నేను ఇప్పటికీ అదే ప్రాజెక్టులో ఉన్నాను. ఆయన బెంచి మీద నలభై ఐదు రోజులు కూర్చుని, రాజీనామా ఇచ్చి, గోపన్‌పల్లిలో పిల్లలకు లెక్కలు చెప్పుకున్నారు. ఎవరైనా ఆ గురువారం గురించి అడిగితే నేనొక కథ చెబుతూ వచ్చాను. మెయిల్ చూడగానే కిందికి పరుగెత్తానని, వద్దన్నా అని ఆయన చేతులు పట్టుకున్నానని, ఆయన తిట్టి నాచేత స్వీకరింపజేశారని. ఆయన పోయిన పదోరోజున వాళ్ళింటి ముందు షామియానా కింద ఆయన భార్యకూ అదే చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, “గట్లనే చేస్తడు. ఒగలు వద్దంటే ఇంక చేస్తడు,” అన్నారు. వాళ్ళమ్మాయి నాకు భోజనం వడ్డించింది. తిని వచ్చాను.

ఆ కథలో క్రమం తప్పు. సరైన క్రమం ఇది. పదకొండు ముప్పై ఎనిమిదికి మెయిల్ వచ్చింది. వెంటనే చదివాను. ఎరుపు నా పేరు మీదికి వస్తే నన్నెవరూ కదపలేరని, ఆయన మీద ఎరుపు మిగలదని, చదవగానే అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకునే వీలు లేదు. పదకొండు నలభైకి స్వీకరిస్తాను అన్నదాన్ని నొక్కాను. తర్వాత పట్టిక తెరిచి, ఓనరు గడిలో నా పేరు వచ్చిందో లేదో చూసుకున్నాను. రాలేదు. మళ్ళీ తెరిచి చూశాను. వచ్చింది. మంచినీళ్ళు తాగాను. అప్పుడు లిఫ్టు ఎక్కాను.

ఆయన టీ బండి దగ్గర నిలబడి ఉన్నారు. నాకొక టీ చెప్పారు.

“నొక్కినవా?”

“నొక్కానన్నా.”

“ఎన్ని గంటలకు?”

“పదకొండు నలభైకి.”

ఆయన లెక్క వేసుకున్నారు. “రెండు నిమిషాలు.”

నేను టీ గ్లాసు అందుకున్నాను.

“మంచిగైంది,” అన్నారు. “నువ్వు కిందికొచ్చి నన్ను అడిగి నొక్కుదామనుకుంటే, నేను వద్దంటుంటి కావచ్చు. ఇంట్ల ఇంక ఎవ్వలికి చెప్పలే.”

పరిహాసమాడుతున్నారేమోనని మొహంలోకి చూశాను. కాదు. జరిగినది జరిగినట్టు చెబుతున్నారు, అంతే. టీ తాగడం అయ్యాక రెండు గ్లాసులూ ఆయనే బండి మీద పెట్టారు.

“పా,” అన్నారు. “రేపు సాయంత్రం దాంక నాకింక పని ఉన్నది.”